దొంగల అడ్డా ఏది? ఖిలాషాపూర్ కోటా, కడవెండి గడీనా?

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని సామెత. మా ఊళ్లల్ల ఈ సామెత సగమే నిజం. మావాడు దొరక్కపోయినా దొంగే. దొర పట్టపగలు దొరికినా దొరే.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. నేటి జనగామ జిల్లాలో రెండు తావులున్నాయి. ఒకటి రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపూర్ కోట. సర్వాయి పాపన్న కట్టుకున్న కోట. హైదరాబాదు నుంచి వరంగల్ పోయే దారికి దగ్గర్లోనే ఉంటుంది. రెండోది దేవరుప్పుల మండలంలోని కడవెండి. విసునూరు దేశ్‌ముఖ్ తల్లి ఏలిన గడీ ఉన్న ఊరు. మొదటి దాన్ని మూడు వందల ఏండ్లుగా 'దొంగల స్థావరం' అని రాస్తూ వచ్చారు. రెండో దాన్ని 'గడీ' అన్నారు, 'దొరవారి బంగళా' అన్నారు. ఎవరు రాశారు? ఎవరు అన్నారు? ఏ లెక్కన ఒకటి దొంగ కొంప అయింది, ఇంకొకటి దొర బంగళా అయింది? ఈ లెక్క తేల్చడానికే ఇది రాస్తున్నాం.

పేరులోనే పడ్డ సంకెళ్లు

ముందు పేరు సంగతి చూద్దాం. మేం పాపన్న అంటున్నాం. మొగలుల కాలపు చరిత్ర రాసిన ఖాఫీఖాన్ 'పాప్రా' అన్నాడు. కల్లు అమ్ముకునేవాడనీ, దారిదోపిడీ దొంగ అనీ రాశాడు. 1874లో బాయిల్ అనే తెల్లదొర మన జనం పాడుకునే పాటను ఇంగ్లీషు పత్రికలో అచ్చేస్తే అందులోనూ పాపడే. ఇప్పటికీ కొందరు పెద్దమనుషులు సభల్లో నోరు జారి 'పాపడు' అంటారు.

రాముడికీ 'డు' ఉంది కదా, కృష్ణుడికీ 'డు' ఉంది కదా, అందులో తప్పేముంది అని పంతులు అడగవచ్చు. పంతులూ, నీ రాముడి 'డు' వేరు, మా ఎల్లడి 'డు' వేరు. గుడిలో 'డు' అంటే దండం పెడతారు. వాడలోకి వచ్చేసరికి అదే 'డు' చెప్పుతో కొట్టినట్టు పడుతుంది. రెడ్డి కొడుకు పొత్తిళ్లలో ఉన్నప్పుడే 'రెడ్డిగారు' అవుతాడు. మా తాత డెబ్బయి ఏండ్లు వచ్చి చచ్చేదాకా 'ఎల్లిగాడు' గానే ఉన్నాడు. ఊళ్లో పుట్టి పెరిగిన ఎవనికైనా ఇది తెలిసిన ముచ్చటే. వ్యాకరణం పుస్తకంలో దొరకదు అంతే.

అందుకే పాపడు పాపన్న కావడం చిన్న సంగతి కాదు. రాజులు ఇచ్చిన బిరుదు కాదది. కల్లు గీసేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, కుండలు చేసేవాళ్లు ఇచ్చిన 'అన్న'.

కోట కథ

కథ తెలియని పిల్లలుంటారు, క్లుప్తంగా చెబుతాం.

పాపన్న గౌండ్ల ఇంట పుట్టాడు. తండ్రి లేని పిల్లవాడు, తల్లి సర్వమ్మ. 1650లో పుట్టాడని జయంతి జరుపుకుంటున్నాం. కులవృత్తి చేయనన్నాడు, ముస్తాదు భుజానికెత్తుకోనన్నాడు. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాడు. కుతుబ్‌షాహీల కింద ఉన్న దేశం మొగలుల చేతికి వచ్చింది. పాత పెత్తనాలు కదిలాయి, కొత్త పెత్తనాలు ఇంకా కుదురుకోలేదు. ఆ సందులో పాపన్న మనుషులను పోగేశాడు. కౌలాస్ జమీందారు దగ్గర కొన్నాళ్లు కొలువు చేశాడు, అక్కడ జైలు పాలయ్యాడు, బయటపడ్డాడు. మళ్లీ మనుషులను పోగేసి షాపూర్‌లో కోట కట్టాడు. 1702లో కొలనుపాక ఫౌజుదారు ఖాసింఖాన్ అతని మీదికి పోయి చచ్చాడు. హైదరాబాదు సుబేదారు రుస్తుం దిల్‌ఖాన్ కోటను ముట్టడించి ఏమీ చేయలేక తిరిగిపోయాడు. 1708 ఏప్రిల్‌లో పాపన్న ఓరుగల్లు మీద పడ్డాడు. ఆ తర్వాత భువనగిరి మీదికి పోయాడు.

ఈ దండులో ఎవరున్నారు? బాయిల్ అచ్చేసిన పాటలో పేర్లతో సహా ఉంది. చాకలి సర్వన్న ఉన్నాడు, కుమ్మరి గోవిందు ఉన్నాడు, దూదేకుల పీరు ఉన్నాడు, జక్కుల పెరుమాళ్లు ఉన్నాడు. మంగలి ఉన్నాడు, మేదరి ఉన్నాడు, ఎరుకల ఉన్నాడు, యానాది ఉన్నాడు. హసన్, హుస్సేన్ ఉన్నారు. హిందువులు ఒక పక్కా తురకలు ఒక పక్కా నిలబడి కొట్టుకున్న కాలం అని మనకు బడిలో చెప్పిన చరిత్రకూ ఈ జాబితాకూ పొంతన ఎక్కడుంది? చేతి పని చేసుకు బతికే కులాలన్నీ మతం చూడకుండా ఒక కోటలో కూడాయి. అందుకే ఆ కోట 'దొంగల స్థావరం' అయింది.

పద్నాలుగు లక్షలకు దొరతనం

ఇప్పుడు అసలు ముచ్చట. పాపన్న దొంగనా, రాజా? ఈ ప్రశ్నకు మొగలు దర్బారే ఒకసారి జవాబు చెప్పింది. చెప్పి వెనక్కి తీసుకుంది.

1709 జనవరిలో బహదూర్‌షా తమ్ముడు కాంబక్ష్‌ను ఓడించి హైదరాబాదులో దర్బారు పెట్టాడు. ఆ దర్బారుకు పాపన్న 14 లక్షల రూపాయల నజరానా చెల్లించాడు. చక్రవర్తి అతనికి ఖిలత్ ఇచ్చాడు. ఖిలత్ అంటే మర్యాద దుస్తులు. అది తొడిగినవాడు దొంగ కాదు, సర్కారు మనిషి. నిన్నటిదాకా దారిదోపిడీగాడు, ఈ పూట దర్బారు గౌరవం పొందినవాడు! పద్నాలుగు లక్షలకు దొంగతనం పోయి దొరతనం వచ్చింది.

అప్పుడు లేచారు కులీనులు. ఓరుగల్లులో తమ ఇండ్లు దోచినవాడికి, తమ ఆడవాళ్లను చెరబట్టినవాడికి మర్యాదనా అన్నారు. ఆ కోపం నిజమే. కానీ అంతకంటే వాళ్లకు మింగుడుపడనిది ఇంకోటి ఉంది. కల్లు గీసే కులంలో పుట్టినవాడికి పాదుషా బట్టలు పెట్టడం! ఇచ్చిన మర్యాద గాలికి పోయింది. పాపన్నను మట్టుబెట్టమని సుబేదారు యూసుఫ్‌ఖాన్‌కు హుకుం పోయింది.

ఇక్కడ ఆగి ఆలోచించండి అన్నలారా, అక్కలారా. ఆ కాలంలో ఏ జమీందారు దోచుకోలేదు? ఏ దేశ్‌ముఖ్ కత్తి లేకుండా శిస్తు వసూలు చేశాడు? ఏ ఫౌజుదారు దండు ఊరి మీద పడ్డప్పుడు గొడ్డూ గోదా వదిలిపెట్టింది? వాళ్లందరికీ సనదులున్నాయి, పాపన్నకు లేదు. తేడా కత్తిలో లేదు, కాగితంలో ఉంది. ఆ కాగితం ఎవరి చేతికి రావాలో కులం తేల్చింది.

చివరి కథ మీకు తెలిసిందే. షాపూర్ పోయింది, తాటికొండలో నెలల తరబడి ముట్టడి. గాయపడి తప్పించుకున్న పాపన్నను హసనాబాద్‌లో ఒక కల్లు అమ్మేవాడే గుర్తుపట్టి పట్టిచ్చాడు. 1710లో చంపారు. తల కోసి పాదుషాకు పంపారు, మొండెం హైదరాబాదు దర్వాజాకు వేలాడదీశారు. సొంత కులపోడే పట్టిచ్చాడన్నది మనం మరిచిపోకూడదు. కులం ఒక్కటైతే చాలు, మనసు ఒక్కటవుతుందని నమ్మేవాళ్లు మరీ మరిచిపోకూడదు.

మరి కడవెండిని ఏమనాలి?

ఇప్పుడు అదే జిల్లాలో ఇంకో ఊరికి పోదాం. కాలం కూడా దగ్గరిదే, మా తాతలు కండ్లతో చూసినది.

విసునూరు రామచంద్రారెడ్డి 40 వేల ఎకరాల దేశ్‌ముఖ్ అని పుచ్చలపల్లి సుందరయ్య రాసిన చరిత్రలో ఉంది. ఆ గడీల్లో ఏం జరిగేది? మాదిగవాడు చెప్పులు కుట్టి ఊరికే ఇయ్యాలె. డప్పు కొట్టాలె, కాగితం పట్టుకుని ఊరూరా ఉరకాలె. చాకలి బట్టలుతకాలె, మంగలి ఒళ్లు పట్టాలె, కుమ్మరి కుండలియ్యాలె, గౌండ్లవాడు కల్లు పొయ్యాలె. అన్నీ వెట్టికే. దొర బిడ్డ అత్తగారింటికి పోతే వెంట ఆడబాపను పంపేవారు, అరణంలో ఆవును పంపినట్టు. భాగేలా పేరుతో అప్పు కింద మనిషిని కట్టేసుకునే పద్ధతి మీద 1936లో నిజాం సర్కారే చట్టం తెచ్చింది. అంటే నిజాం చట్టం ప్రకారం చూసినా గడీలో నడిచే దందా చట్టానికి వెలుపలిదే.

చట్టానికి వెలుపల బతికేవాడిని ఏమంటారు? మీరే చెప్పండి.

1941లో కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ తన భూమి కోసం కోర్టుకెక్కాడు. గెలిచాడు. గెలిచినందుకు దేశ్‌ముఖ్ మనుషులు దారికాచి చంపారు. కోర్టు తీర్పును కత్తితో కొట్టేసినవాడు దొంగ కాడట, దొరట! పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు చేసుకున్న పొలం మీదికి గూండాలను పంపి పంట ఎత్తుకుపోవాలని చూశారు. పండిన పంటను పట్టపగలు ఎత్తుకుపోయేవాడిని ఊళ్లో ఏమంటారు? ఐలమ్మా, సంఘమూ అడ్డం నిలబడ్డారు కాబట్టి గింజలు ఇంటికి చేరాయి.

1946 జూలై 4న కడవెండిలో సంఘం ఊరేగింపు తీసింది. కర్రలు, వడిసెలలు పట్టుకున్న జనం. ఊరేగింపు గడీ దగ్గరికి వచ్చింది. గడీలో దాక్కున్న గూండాలు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య కూలిపోయాడు. గొర్లు కాసే కురుమ బిడ్డ. జనం గడీని చుట్టుముట్టారు. పోలీసులు వచ్చి న్యాయం చేస్తామని చెప్పి జనాన్ని పంపేశారు. తర్వాత కేసులు ఎవరి మీద పెట్టారు? గడీలోని తుపాకుల మీద కాదు, సంఘం నాయకుల మీద.

గూండాలు తుపాకులతో దాక్కున్న ఇల్లు అది. మనిషిని కాల్చి చంపి తలుపులేసుకున్న ఇల్లు అది. పోలీసులు కాపలా కాసి కాపాడిన ఇల్లు అది. 'దొంగల స్థావరం' అన్న మాటకు నిఘంటువులో ఇంతకంటే మంచి అర్థం రాయగలరా? అయినా ఏ పుస్తకంలోనూ ఆ మాట లేదు. గడీ అనే రాస్తారు. ఇప్పుడైతే 'వారసత్వ సంపద' అని కొత్త పేరు కూడా వచ్చింది.

గడీల గోడలు కూల్చమని మేం అనడం లేదు. కొన్ని బడులయ్యాయి, ఆఫీసులయ్యాయి, మంచిదే. 2022లో దోమకొండ కోటను బాగుచేసినందుకు యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. పాత కట్టడం నిలబడితే మాకేం కడుపుమంట లేదు. ఆ రాళ్లు మోసింది మావాళ్లే. మా ప్రశ్న ఒక్కటే. సంస్థానాల కోటలకు సున్నం, గారా, అవార్డులు. పాపన్న కోటకు మాత్రం జయంతి రోజున ఒక దండ, మిగతా రోజులు తుమ్మచెట్లా?

ముద్ర వేసే చట్టం

పాపన్న దండులో ఒక ఎరుకల ఉన్నాడని చెప్పాం. అతని జాతికి తర్వాత ఏం జరిగిందో చూడండి. ఒక మనిషిని దొంగ అనడం చాలక, తెల్లవాడు 1871లో చట్టం చేసి జాతులకు జాతులనే దొంగలన్నాడు. నేర జాతుల చట్టం అది. 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం పేరుతో ఎరుకలకు సెటిల్‌మెంటు కట్టి సాల్వేషన్ ఆర్మీ వాళ్ల చేతిలో పెట్టారు. వేలిముద్రలు, హాజరు, పాసు లేకుండా ఊరు దాటితే శిక్ష. తల్లి కడుపులోంచే దొంగగా పుట్టాలన్నమాట. ఉప్పు, ధాన్యం గాడిదల మీద వేసుకుని ఊరూరా అమ్ముకున్న జాతికి రైళ్లు వచ్చి ఆ బతుకు పోయింది, చట్టం వచ్చి పరువు పోయింది.

1952లో ఆ చట్టం రద్దయింది. కాగితం మీద. దాని చోట అలవాటైన నేరస్తుల చట్టాలు వచ్చాయి. ఊళ్లో కోడి పోయినా ముందు ఎరుకలవాడ మీదికే పోలీసు జీపు పోయేది. సినిమావాళ్లు కూడా తమ వంతు చేశారు. ఒక్క 1991లోనే స్టూవర్టుపురం పేరు పెట్టుకుని రెండు సినిమాలు వచ్చాయి. ఒకదాని పేరు 'స్టూవర్టుపురం దొంగలు'. ఊరి పేరూ దొంగ మాటా కలిపి గోడల మీద అతికించారు. ఆ ఊరి పిల్లవాడు బడిలో తన ఊరి పేరు చెప్పడానికి ఎందుకు నోరు మెదపడో ఆ పోస్టరు అతికించినవాడికి తెలుసా? 'కడవెండి దొంగలు' అని పేరు పెట్టి సినిమా తీసే ధైర్యం ఎవరికైనా ఉందా?

మనవాళ్లతో రెండు మాటలు

ఎదుటివాడిని అడగడం అయింది. ఇప్పుడు మనల్ని మనం అడుగుదాం. ఇది కొందరికి చేదుగా ఉంటుంది. అయినా చెప్పాలె.

ఒకటి. పాపన్నను దేవుడిని చేయకండి. లంబాడీల ఎద్దులను పట్టుకుని తన దుక్కులు దున్నించాడని రాసి ఉంది. ఎద్దు పోతే లంబాడీ బతుకు పోతుంది, అది దొరను దోచడం కాదు. ఓరుగల్లులో పట్టుకున్న ఆడవాళ్లను చెరలో పెట్టాడు. రాసింది శత్రువే కావచ్చు, అంతా అబద్ధం అని కొట్టేయడం మాత్రం మనకు తగదు. గడీలో ఆడబాప కోసం ఏడ్చే మనం కోటలో చెరబడ్డ ఆడమనిషి కులం అడిగి ఏడుస్తామా? మా సంఘంలోని అక్కలు ఈ ప్రశ్న వేసినప్పుడు మగవాళ్లం తల దించుకున్నాం. రాజులందరూ చేశారు కదా అన్నది జవాబు కాదు. రాజులు చేసినట్టే చేస్తే మన రాజ్యం ఎందుకు?

రెండు. ఆ పాటలోని పేర్లలో మాల లేడు, మాదిగ లేడు. మేం వెతికాం. లేనిదాన్ని ఉందని కల్పించం. దండులో లేరా, ఉన్నా పాటకెక్కలేదా? వెలివాడ పేరు పాటలో కూడా వెలే అయిందా? సబ్బండ కులాల కోట అని మైకుల్లో చెప్పే అన్నలు ఈ ఖాళీని చూడాలె. చూసి సిగ్గుపడమని కాదు. రేపు కట్టే కోటలో ఆ ఖాళీ ఉండొద్దని.

మూడు. రాష్ట్రం వచ్చాక ఆగస్టు 18న సర్కారు జయంతి చేస్తున్నది. మంచిదే, జనం కొట్లాడి సాధించుకున్నారు. కానీ ఒక్క సంగతి గమనించండి. పాపన్నను గౌడులకు, ఐలమ్మను చాకళ్లకు, కొమరయ్యను కురుమలకు పంచి ఇచ్చారు. ఎవరి విగ్రహం వాళ్లకు, ఎవరి దండ వాళ్లకు, ఎవరి తేదీ వాళ్లకు. చాకలి సర్వన్నా, దూదేకుల పీరూ లేని పాపన్న ఎవరు? ఒంటరి గౌండ్లాయన. ఒంటరివాడిని హసనాబాద్‌లో ఏం చేశారో పైన రాశాం. బందగీకి మాత్రం ఏ కార్పొరేషనూ లేదు, ఏ ఓటు లెక్కకూ రాడు కాబట్టి ఆయన సమాధి దగ్గర మంత్రుల రద్దీ లేదు.

ఏం చేయాలె?

చరిత్ర పుస్తకాలు మారుస్తున్నారు, సంతోషం. 1980లో రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు కలిసి పాపన్న మీద వ్యాసం రాశారు. 2005లో ఈటన్ తన దక్కను చరిత్రలో ఎనిమిది మంది జీవితాలు రాస్తే అందులో పాపన్న ఒకడు. ఇంగ్లీషులో మర్యాద దక్కింది. ఊళ్లో దక్కాలె.

మా అడుగుళ్లు పెద్దవేం కాదు.

ఖిలాషాపూర్ కోట ముందు పెట్టే పలకం మీద పాపన్న పేరు ఒక్కటే కాదు, ఆ దండులోని పేర్లన్నీ, కులాలన్నీ చెక్కాలె. ఓరుగల్లు చెర సంగతి కూడా చెక్కాలె. మన పలకం అబద్ధం చెప్పొద్దు. కోట గోడలకు ఏటేటా మరమ్మతు ఉండాలె, జయంతి ముందు రోజు పూసే సున్నం కాదు. ఆ పని ఆ ఊరి వడ్డెరలకు, కూలీలకు రోజు కూలి ఇచ్చి చేయించాలె. కాంట్రాక్టరు పేరు మీద మళ్లీ దొర దిగొద్దు.

కడవెండిలోనూ పలకం పెట్టాలె. 1946 జూలై 4న ఇక్కడి గడీలోంచి పేలిన తూటాకు దొడ్డి కొమరయ్య చచ్చాడనీ, కేసు చంపినవాళ్ల మీద కాక సంఘం మీద పెట్టారనీ రాయాలె. గడీలు చూడడానికి బస్సుల్లో వచ్చే టూరిస్టులు గోడ అందంతో పాటు ఆ ముక్క కూడా చదువుకుని పోవాలె.

ఈ పని సర్కారు చేసేదాకా కూర్చోనక్కర లేదు. ప్రతి ఊళ్లో మన సంఘం పిల్లలు ఒక నోటుబుక్కు తీసుకోండి. ముసలివాళ్ల దగ్గర కూర్చోండి. ఈ ఊళ్లో వెట్టి ఎవరు చేశారు, ఎవరికి చేశారు, ఎవరి భూమి ఎట్ల పోయింది, 'దొంగ' అని ఎవరిని కట్టేసి కొట్టారు, ఆ రోజు ఆయన నిజంగా ఏం ఎత్తుకుపోయాడు అని అడగండి. చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటలోనే రాయండి. సగం ఊళ్లల్ల దొంగతనం అంటే పిడికెడు జొన్నలని తేలుతుంది. దొరతనం అంటే నలభై వేల ఎకరాలని ముందే తేలింది.

ఆ నోటుబుక్కులు చేతికొచ్చిన రోజు మళ్లీ అడుగుదాం, దొంగల అడ్డా ఏదని. అప్పుడు జవాబు మేం రాయాల్సిన పని ఉండదు. ఊరే చెబుతుంది.